అత్తమ్మను ఇంటికి తెచ్చుకుంటున్న బిడ్డకు

తల్లీ, పెద్దమ్మ ఆశీస్సులు.

తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో తుంటి ఆపరేషన్ అయిన మీ అత్తమ్మను నువ్వే దగ్గరుండి చూసుకుంటానన్నావంట. విని కడుపు నిండింది, అంతలోనే గుబులూ పుట్టింది.

నడక సంగతి ఫిజియో చెప్పినట్టు చెయ్యి. తిండి మాట నేను చెబుతా. కిలో బరువుకు రోజూ 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ పడాలి. ఆమె 50 కిలోలుంటే 60 నుంచి 75 గ్రాములు. గుడ్డుకు 6, గ్లాసు పాలకు 6, గుప్పెడు చెనక్కాయలకు 7. సంగటి, ఊరిబిండి పెట్టు, కానీ వాటితోనే లెక్క తీరదు. పప్పు తింటే కుట్లు చీము పడతాయని ఎవరన్నా వినొద్దు. ప్రొటీన్ పౌడరు కొంటే డబ్బా వెనక 100 గ్రాములకు ప్రొటీన్ ఎంతో చూడు. మాల్ట్ పొడుల్లో చక్కెరే ఎక్కువ. కిడ్నీ జబ్బుంటే డాక్టరును అడక్కుండా పౌడరు ముట్టొద్దు. కాల్షియం మాత్రకూ ఐరన్ మాత్రకూ రెండు గంటలు ఎడం ఉండాలి, థైరాయిడ్ మాత్రకూ వీటికీ అయితే నాలుగు గంటలు.

ఇక నన్ను నిద్రపోనివ్వని మాట. విటమిన్ డి 60,000 యూనిట్ల మాత్ర రాసి ఉంటే అది మామూలుగా వారానికి ఒకటే. మిగతా మాత్రలతో పాటు ఒకే కవర్లో వస్తుంది. చీటీలో 'వారానికొకటి' అన్న ముక్క కంట పడదు. టిఫిన్ అయ్యాక అన్నిటితో కలిపి రోజూ ఇచ్చేస్తారు, షీటు అయిపోతే ఇంకోటి తెస్తారు. చదువుకున్న ఇళ్ళల్లోనూ ఇదే తప్పు. ఎక్కువైన విటమిన్ సి మూత్రంలో పోతుంది. డి అలా కాదు, కొవ్వులో దాక్కుని, మానేసినా వారాల తరబడి ఒంట్లోనే ఉంటుంది. రక్తంలో కాల్షియం పెరిగి ఆకలి చచ్చిపోతుంది. వాంతులు, మలబద్ధకం, దాహం, మాటిమాటికీ మూత్రం, మనిషి తికమక. కిడ్నీలు దెబ్బతింటాయి. చూసేవాళ్ళకు ఇదంతా ఆపరేషన్ నీరసంలాగే ఉంటుంది, బలానికని ఇంకో కాల్షియం మాత్ర కలుపుతారు. నా భయమంతా అక్కడే.

'నాకు తెలుసులే' అనకు. ఆ షీటు వేరే తీసి పెట్టు. ఒక్కో మాత్ర వెనక పెన్నుతో ఆదివారం తేదీ రాయి. మధ్యాహ్నం అన్నంలో నెయ్యో నూనో పడ్డాక వెయ్యి, అప్పుడే బాగా ఒంటబడుతుంది. డాక్టరు రాసినన్ని వారాలే వెయ్యి. పొరపాటున రోజూ వేసి ఉంటే ఏడుస్తూ కూచోకు, ఆపేసి డాక్టరుకు చూపించు. రక్తంలో కాల్షియం, కిడ్నీల పని తెలిపే క్రియాటినిన్ చూస్తారు.

మాత్ర మింగాలంటే బెల్లం ముక్క అడిగే పిల్లవి, ఇప్పుడు ఇంకొకరికి మాత్రలిస్తున్నావు. నువ్వూ వేళకు తిను తల్లీ. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తా, షీటు చేతిలో పెట్టుకుని మాట్లాడు.

నీ పెద్దమ్మ