బీటెక్ మెకానికల్‌తో పాటు బిజినెస్ చదువు: మైనరా, దూరవిద్యలో రెండో డిగ్రీనా?

బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరంలో ఉన్నారనీ, మీ కళాశాల మేనేజ్‌మెంట్ సబ్జెక్టుల్లో మైనర్ (ప్రధాన డిగ్రీతో పాటు అదనంగా చదివే కొన్ని సబ్జెక్టులు) ఇస్తోందనీ, ఇంట్లోవాళ్లు మాత్రం దూరవిద్యలో బీబీఏ చేయమంటున్నారనీ, ఈ రెండింటిలో ఏది మేలనీ అడిగారు. నేనూ మెకానికల్ చదివి, జీడిమెట్లలో యంత్రభాగాలు తయారుచేసే ఒక చిన్న పరిశ్రమలో చేరి, ఉద్యోగం చేస్తూనే సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెన్సీ) ఇంటర్మీడియట్ పూర్తిచేసినవాణ్ణి కాబట్టి నా సమాధానం సహజంగానే అకౌంటింగ్ వైపు మొగ్గుతుంది. మైనర్ తీసుకోండి, అయితే అందులో అకౌంటింగ్, కాస్టింగ్ (ఉత్పత్తి ఖర్చు లెక్కగట్టడం) ఉంటేనే తీసుకోండి.

ఇంట్లోవాళ్లు చెప్పినదానిలో నిబంధనలకు విరుద్ధమైనదేమీ లేదు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది. రెండూ రెగ్యులర్ కోర్సులైతే తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డు రాకూడదు. ఒకటి దూరవిద్య అయితే ఆ చిక్కు లేదు గానీ, ఆ సంస్థకు గుర్తింపు ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. నా అభ్యంతరమల్లా బరువు గురించే. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం మైనర్ అంటే బీటెక్ 160 క్రెడిట్లకు తోడుగా మరో 18 నుంచి 20 క్రెడిట్లు, అంటే ఇంచుమించు ఐదారు సబ్జెక్టులు. బీబీఏ అలా కాదు. అది మరో పూర్తి డిగ్రీ. మిడ్ పరీక్షలు, ల్యాబ్ రికార్డులు, ప్రాజెక్టు పనుల మధ్య దాన్ని లాక్కొస్తే చివరికి చేతిలో పట్టా ఉంటుంది తప్ప, చదివినది నిలవడం కష్టం.

"మాకు మెఫా (మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్) ఉంది కదా, అది చాలదా?" అనే ప్రశ్న మీకు రావచ్చు. జేఎన్‌టీయూ కళాశాలల్లో చదివినవారికి ఆ పేపర్‌ను పరిచయం చేయనక్కరలేదు. హైదరాబాద్ జేఎన్‌టీయూలో అదే బెఫాగా (బిజినెస్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్) మారింది. డిమాండ్ వ్యాకోచత్వం, బ్రేక్ ఈవెన్, పెట్టుబడి నిర్ణయాలు, నిష్పత్తులు అన్నీ ఒక్క సెమిస్టర్‌లో కుక్కేసిన ఆ పేపర్‌ను చాలామంది పరీక్ష ముందురోజు రాత్రి చదివి గట్టెక్కుతారు. నిజంగా నడుస్తున్న ఏ సంస్థ బ్యాలెన్స్ షీట్‌నూ తెరిచి చూడకుండానే అందులో మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. దానివల్ల మాటలు వస్తాయి, లెక్క రాదు.

లెక్క ఎక్కడ కావలసి వస్తుందో చెబుతాను. 40 లక్షల రూపాయల సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) యంత్రం పదేళ్లు పనిచేస్తుందనుకుంటే తరుగుదల, అంటే ఏటా తగ్గే దాని విలువ, ఏడాదికి 4 లక్షలు. అది ఏడాదికి 4,000 గంటలు నడిస్తే గంటకు 100 రూపాయలు పడుతుంది, 2,000 గంటలే నడిస్తే 200 పడుతుంది. ఆర్డర్లు తగ్గినప్పుడు యంత్రం ఊరికే ఉంటుంది కదా అని తక్కువ ధరకు కోట్ చేయాలా, పెరిగిన గంట ఖర్చును ధరలో కలపాలా అన్న వాదన మా షాపులో ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. కట్టింగ్ స్పీడ్, ఫీడ్ తెలిసిన ఇంజినీరు ఈ వాదనలో సగం మాత్రమే మాట్లాడగలడు. పుస్తకాలు రాసే అకౌంటెంటు మిగతా సగం మాట్లాడతాడు. స్థిర ఖర్చు, చర ఖర్చు విడదీసి చూడటం నేర్చుకున్నాకే నేను రెండు వైపులా మాట్లాడగలిగాను.

చెల్లింపుల సంగతీ ఇలాంటిదే. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో సొమ్ము చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతుంది. లాభం కాగితం మీద కనిపిస్తున్నా ఆ సొమ్ము చేతికి రాకపోతే జీతాల రోజున ఓవర్‌డ్రాఫ్టే దిక్కు. లాభం వేరు, నగదు వేరు అన్న విషయం మైనర్‌లో సరిగా చెప్పే అకౌంటింగ్ పేపర్ ఒక్కటి ఉన్నా మీకు అర్థమవుతుంది.

మార్కెటింగ్, మానవ వనరులు, ఆర్గనైజేషనల్ బిహేవియర్ వంటివి ఇప్పుడే చదవనక్కరలేదని నా అభిప్రాయం. అవి పనికిరానివని కాదు. ఒక సూపర్‌వైజరు కింద కొంతకాలం పనిచేసినవారికి అవి తలకెక్కినట్టు పంతొమ్మిదేళ్ల విద్యార్థికి ఎక్కవు. పైగా ఐసెట్ రాసో, క్యాట్ రాసో ఎంబీఏలో చేరాలన్న ఆలోచన మీకు ఉంటే, ఆ పేపర్లన్నీ ఎంబీఏ మొదటి ఏడాదిలో మళ్లీ వస్తాయి. ఏ డిగ్రీ నుంచి వచ్చినా అందరికీ అక్కడ మొదటినుంచే చెబుతారు.

కాబట్టి మైనర్‌కు పేరు ఇచ్చే ముందు మీ విశ్వవిద్యాలయ రెగ్యులేషన్స్ తెరిచి, ఎంత సీజీపీఏ ఉండాలో, బ్యాక్‌లాగ్ ఉంటే మైనర్ రద్దవుతుందో లేదో చూడండి. ఆ తర్వాత సబ్జెక్టుల జాబితా అడగండి. అందులో అకౌంటింగ్ లేకపోతే మైనర్‌ను వదిలేసి, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఫైనాన్షియల్ అకౌంటింగ్, కాస్ట్ అకౌంటింగ్ కోర్సులు చూడండి. నమోదు ఉచితం, పరీక్ష రాస్తేనే రుసుము. డిగ్రీ పూర్తయ్యాక కూడా ఆసక్తి నిలిస్తే సీఎంఏ ఉంది. పట్టభద్రులు ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. రెండు గ్రూపుల్లో మొత్తం ఎనిమిది పేపర్లు. ఉద్యోగం చేస్తూ రాసేవారు ఒక్కో గ్రూపు చొప్పున రాయడమే మంచిది.