దినారుకు ఎన్ని రూపాయలు? ఏ నాటి రేటు, ఏ రకం రేటు?

ప్రశ్న: మా నాయన 1980లో కువైట్ నుంచి పంపిన డ్రాఫ్టు రసీదు పెట్టెలో దొరికింది. 100 దినార్లకు 2,880 రూపాయలని, కమిషన్ 0.750 అని ఉంది. అప్పట్లో దినారు 29 రూపాయలకు లోపేనా? మిగతా ఏళ్ల రేట్లు తెలుసుకునేదెట్లా? (బద్వేలు)

జవాబు: లోపే. మీ రసీదు ప్రకారం దినారుకు 28 రూపాయల 80 పైసలు. కమిషన్ 0.750 అంటే 750 ఫిల్సులు. దినారుకు వెయ్యి ఫిల్సులు కాబట్టి చుక్క తర్వాత మూడంకెలు రాస్తారు. 50 ఫిల్సులను 0.50 అని రాసుకుంటే లెక్క పదింతలు తప్పుతుంది, అది 0.050. కమిషన్ కూడా కలిపి నాయన చేతి నుంచి పోయింది 100.750 దినార్లు. ఆ లెక్కన ఆయనకు దినారుకు గిట్టింది 28.59 మాత్రమే.

పాత రేట్ల విషయానికొస్తే, రిజర్వు బ్యాంకు పాత పట్టికల్లో డాలరు, పౌండు, యెన్, తర్వాత యూరో ఉంటాయిగానీ దినారు ఉండదు. డాలరు మీదుగా రెండడుగుల్లో లెక్క కట్టాలి. డాలరుకు ఎన్ని రూపాయలో రిజర్వు బ్యాంకు గణాంకాల హ్యాండ్‌బుక్కులో, డాలరుకు ఎంత దినారో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) గణాంకాల్లో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 1980 సగటు డాలరు 7.86 రూపాయలు, 0.270 దినారు. 7.86ను 0.270తో భాగిస్తే 29.11. మీ రసీదుకూ దీనికీ 31 పైసల తేడా. అదంతా బ్యాంకు లాభమనుకోకండి, ఏడాది సగటును ఒక్కరోజు రేటుతో పోలుస్తున్నాం.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: హ్యాండ్‌బుక్కులో ఆర్థిక సంవత్సరం సగటు ఏప్రిల్ నుంచి మార్చి దాకా, ఐఎంఎఫ్ ఏడాది జనవరి నుంచి డిసెంబరు దాకా. మామూలు ఏళ్లలో పెద్దగా తేడా రాదు. 1991లో మాత్రం కొంప ముంచుతుంది. ఆ జూలై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. డాలరు 21 రూపాయల దగ్గర నుంచి 26 దాపుకు పోయింది. అందుకే 1991 క్యాలెండరు సగటు 22.74 అయితే, 1991-92 ఆర్థిక సంవత్సరం సగటు 24.47. రెండు పట్టికలూ కలిపేటప్పుడు నెలవారీ అంకెలే తీసుకోండి.

ఈ పద్ధతిలో 1989లో దినారు 55 రూపాయలు, 1993-94లో 104, 2003 మొదట్లో 160 దాపుకు వస్తుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ ఆక్రమించినప్పటి నుంచి కువైట్ విముక్తి దాకా ఏ పట్టికలో ఏ అంకె కనిపించినా నమ్మకండి. ఆక్రమణలో ఇరాకీ దినారును కువైటీ దినారుతో సమానమని ప్రకటించారు, నిజమైన మార్కెట్టంటూ లేదు.

దినారు 1975 మార్చి నుంచి కొన్ని కరెన్సీల బుట్టతో ముడిపడి ఉంది. 2003 జనవరి 5 నుంచి 2007 మే 20 దాకా మాత్రం డాలరుకు 299.63 ఫిల్సులని, అటూఇటూ మూడున్నర శాతం హద్దుతో కట్టారు. ఆ నాలుగేళ్లకు ఫిల్సుల పట్టిక దొరక్కపోయినా డాలరు రేటుతో లెక్క దాదాపు సరిపోతుంది. మిగతా ఏళ్లకు ఆ అంకె వాడొద్దు.

ప్రశ్న: కువైట్‌లో ఒకప్పుడు మన రూపాయే నడిచేదని మా జేజినాయన అంటాడు. ఇంట్లో ఎర్రటి పది రూపాయల నోటొకటుంది. (కడప)

జవాబు: జేజినాయన మాట నిజం. అక్కడ రూపాయి చెల్లుతుండటంతో ఇక్కడి నోట్లు అటు పోయి బంగారమై దొంగతనంగా ఇటు వచ్చేవి. ఆ నోట్లు తిరిగొస్తే మన రిజర్వు బ్యాంకు స్టెర్లింగు (బ్రిటన్ పౌండ్లు) ఇచ్చుకోవాల్సి వచ్చేది. దాన్ని ఆపడానికే 1959లో గల్ఫ్ కోసం వేరే రంగుల్లో నోట్లు వేసి, అవి ఇండియాలో చెల్లవన్నారు. నంబరు ముందు ఇంగ్లీషు ‘జెడ్’ అక్షరం ఉందా చూడండి. ఉంటే అది గల్ఫ్ నోటు. ‘హజ్’ అని అచ్చు వేసి ఉంటే యాత్రికుల కోసం వేసిన నోటు, అది వేరు.

1961 ఏప్రిల్ 1న కువైట్ సొంత దినారు తెచ్చింది. దినారు ఒక పౌండుకు, అంటే 13 రూపాయల 33 పైసలకు సమానం. రూపాయికి 75 ఫిల్సులిచ్చి నోట్లు తీసుకున్నారు. 1966 జూన్ 6న మనం రూపాయి విలువ తగ్గించేసరికి దినారు 21 అయింది. 1967 నవంబరులో బ్రిటన్ పౌండు విలువ తగ్గించినా కువైట్ తగ్గించలేదు. కాబట్టి ఆ తర్వాత పౌండు రేటునే దినారు రేటుగా రాసుకున్నవాళ్ల లెక్క తప్పు: పౌండు 18కి దిగింది, దినారు 21లోనే ఉంది.

ప్రశ్న: ఇంట్లో పాత దినారు నోట్లున్నాయి, మారతాయా? (మైదుకూరు)

జవాబు: 2014లో విడుదలైన ఆరో వరుస నోట్లయితేనే మారతాయి. ఐదో వరుస నోట్ల మార్పిడి గడువు 2025 ఏప్రిల్ 18తో ముగిసింది.

ప్రశ్న: రెండేళ్లు కువైట్‌లో చేసి 2023 ఆగస్టులో వచ్చేసినాను. 2023-24 రిటర్ను సవరించాలి. మే జీతాన్ని ఏ రేటుతో కట్టాలి? ఫోన్లో కనిపించే రేటు పనికొస్తుందా? (ప్రొద్దుటూరు)

జవాబు: పనికిరాదు. అది కొనే రేటుకూ అమ్మే రేటుకూ మధ్యది. 1962 ఆదాయపు పన్ను నిబంధనల్లో 115వది స్టేట్ బ్యాంకు టీటీ బయ్యింగ్ రేటు (టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్, అంటే ఖాతాకు వచ్చే విదేశీ డబ్బును బ్యాంకు కొనే రేటు) వాడమంటుంది. జీతానికి తేదీ కూడా చెబుతుంది: జీతం రావాల్సిన నెలకు ముందు నెల చివరి రోజు. మే జీతానికి ఏప్రిల్ 30. ఆ రోజు ఆదివారం కాబట్టి అంతకు ముందు పట్టిక వెలువడిన పనిదినపు రేటు తీసుకుంటారు. పట్టికలో బిల్ బయ్యింగ్, నోట్ల కొనుగోలు గడులు పక్కపక్కనే ఉంటాయి. నోట్ల గడిలో రేటు తక్కువ, పొరపాటున అది రాస్తే ఆదాయం తగ్గించి చూపినట్టవుతుంది. బ్యాంకు వెబ్‌సైటులో ఏ రోజు పట్టిక ఆ రోజుదే ఉంటుంది. పాతది ఫారెక్స్ పని చేసే శాఖలో రాతపూర్వకంగా అడిగి, రిటర్ను కాపీతో దాచుకోండి.

అన్నట్టు, ఇది రెండేళ్లే ఉన్న మీకు. అంతకు ముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంటుగా (పన్ను లెక్కలో ఇక్కడి నివాసి కానివారుగా) ఉన్నవారికి తిరిగొచ్చిన ఏడాది కువైట్‌లో చేతికందిన జీతం మీద ఇక్కడ పన్నే పడదు. వారు రేటు వెతికే ముందు పాస్‌పోర్టు ముద్రలు చూపించి ఆడిటరుతో ఆ లెక్క తేల్చుకోవాలి.