సుడిదోమ చప్పుడుకు పోతుందా?

ప్రశ్న: వరి దుబ్బుల మొదట్లో రసం పీల్చే సుడిదోమ కనిపిస్తోంది. మొక్కల్లో అదురు పుట్టించే యంత్రం పెడితే దోమ జత కట్టదని వీడియోలో చూశాను. మా సాగర్ ఆయకట్టులో పనికొస్తుందా?
– ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: వీడియోలోని సూత్రం నిజమే. సుడిదోమ గాలిలో అరవదు. ఆడదోమ పిలక మీద కూర్చుని పొట్టను పైకీ కిందికీ ఆడిస్తుంది. పొట్ట కాండానికి తగలదు, ఆ అదురు కాళ్ల గుండా మొక్కలోకి దిగుతుంది. మగదోమ దాన్ని కాళ్లతోనే పసిగట్టి, తన అదురుతో బదులిస్తూ, ఆగి మళ్లీ వింటూ వెతుక్కుంటుంది. ఆకులు తాకుతుంటే కబురు పక్క దుబ్బుకూ పోతుంది. మన చెవికి మాత్రం ఏమీ వినపడదు.

ఇటలీలోని ట్రెంటినోలో 2017లో ఒక ద్రాక్షతోటలో ఇలాంటి యంత్రాలతో దీపపు పురుగుల (ఇవీ రసం పీల్చేవే) జత చెడగొట్టే ప్రయోగం మొదలుపెట్టారు. అక్కడ పందిరి తీగను అదిరిస్తే చాలు, వరుసంతా అదురుతుంది. మన మడిలో ఆ తీగేది? దుబ్బు దుబ్బుకూ యంత్రం బిగించలేం. స్పీకరు పెట్టి పాటలు వేస్తే అసలు లాభం లేదు. డబ్బులు పెట్టకండి.

దుబ్బులు విడదీసి మొదళ్లు చూడండి. పిలకల దశలో దుబ్బుకు 10–15, ఈనిక తర్వాత 20–25 దోమలుంటేనే మందు; అదీ మొదళ్లు తడిసేలా. సింథటిక్ పైరిత్రాయిడ్లు (ఒక రకం పురుగుమందులు) కొడితే దోమను తినే సాలీళ్లు చచ్చి దోమ ఇంకా పెరుగుతుంది. ముందు నీళ్లు తీసి మడి ఆరబెట్టండి, యూరియా ఆపండి. వచ్చే నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి.