మగ్గమున్న ఇంట అందరికీ పనే

ప్రశ్న: మా తాతగారు మగ్గం నేస్తుంటే నాయనమ్మ కండెలు చుట్టేది. మిల్లులు రాకముందు ఇంగ్లండులోనూ నేత ఇంటిల్లిపాది పనేనా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: అవునండి, అయితే అక్కడ ముడిసరుకు ప్రధానంగా గొర్రె ఉన్ని. 16, 17 శతాబ్దాల్లో యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్ కొండ పల్లెల్లో పిల్లలు ఉన్నిని ఏకితే, ఆడవారు రాట్నంపై వడికేవారు, ఇంటి యజమాని ‘కెర్సీ’ అనే ముతక బట్ట నేసేవాడు. ఒక మగ్గానికి ఒక్క రాట్నం నూలు చాలదు కనుక వడికే పని ఇరుగుపొరుగు ఇళ్లకూ చేరేది. (పెళ్లికాని స్త్రీని పిలిచే ‘స్పిన్‌స్టర్’ అన్న మాటకు మొదటి అర్థం నూలు వడికే ఆమె అనే.) సాగు గిట్టని ఆ నేలలో, ఉన్నిని మైళ్ల దూరం తలమీద మోసుకొచ్చే పేద నేతగాళ్లకు దాన్ని కొద్దికొద్దిగా అమ్మేందుకు 1555లో ప్రత్యేక చట్టమే చేశారు. నేసిన బట్టను నీటి మిల్లులో దంచి చిక్కబరిచాక, ఆరుబయట కొయ్యచట్రాలకు కొక్కేలతో బిగించి ఆరబెట్టేవారు. 13½ పెన్నీల విలువైన దొంగతనానికి తల నరికే హాలిఫాక్స్ శిక్ష 1650 దాకా సాగడానికి, కాపలా లేని ఆ బట్టలే కారణమని చెబుతారు.