అమ్మలూ, ముందు ఆ ముల్లు చూడు

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. యూటర్న్ దగ్గర యాక్సిలరేటర్ నొక్కితే బండి ఓ క్షణం ఆలోచించుకుని అప్పుడు కదులుతోందని, సర్వీస్ వాళ్లు గేర్‌బాక్స్ దించాలంటున్నారని రాశావు. ఇప్పుడే దించనివ్వకు.

నీ బండి ఏఎంటీ, అంటే ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్. మన దగ్గర 2014లో మారుతి సెలెరియో కారుతో జనంలోకి వచ్చిన పద్ధతి. పేరుకే ఆటోమేటిక్, లోపలున్నది మాన్యువల్ గేర్‌బాక్సే. మన ఎడమకాలు, ఎడమచెయ్యి చేసే పని యాక్చుయేటర్లు చేస్తాయి. గేరు మారినప్పుడల్లా క్లచ్ వదిలి మళ్లీ పట్టుకోవాలి కాబట్టి తల కాస్త ముందుకు ఊగుతుంది. అది జబ్బు కాదు, దాని తీరే అంత. నిన్నటిదాకా లేనిది కొత్తగా మొదలైతేనే వెతకాలి.

ఇంజిన్ ఆపి, కింద కూర్చుని, యాక్సిలరేటర్‌ని చేత్తో చివరిదాకా నొక్కి చూడు. ఫ్లోర్ మ్యాట్ అంచు పెడల్ కిందకి దూరితే సగంలోనే ఆగిపోతుంది. నవ్వకు, రెండు బండ్లు నేనిలాగే బాగుచేశాను.

మ్యాట్ సరిగానే ఉంటే, ఖాళీ రోడ్డు మీదకి తీసుకెళ్లి, పక్కన కూర్చున్నవాళ్లతో మీటర్‌ని వీడియో తీయించు. ఆగిన చోటు నుంచి ఒకసారి, 30లో పోతూ ఒకసారి గట్టిగా నొక్కు. ఇంజిన్ తిరిగే వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు రయ్యిన లేచి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. అదే అయితే గేర్‌బాక్స్ దించక తప్పదు, కానీ మార్చేది క్లచ్ ప్లేటు. ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్ ఆగితే బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్ మీదే బండిని నిలబెట్టే అలవాటు నీకుందా? ప్లేటు అరిగేది అక్కడే. (మీ ఆడపడుచు బండి సీవీటీ, అంటే గేర్లు మెట్లుమెట్లుగా మారని ఆటోమేటిక్. దానికి ఈ లెక్క పనికిరాదు. అందులో ముల్లు ముందు లేచి, స్పీడు నింపాదిగా రావడం మామూలే.)

ముల్లే లేవకుండా బద్ధకిస్తుంటే ముందే గేర్‌బాక్స్ జోలికి వెళ్లొద్దు. ఎక్కువగా ఇంజిన్‌కి గాలో, పెట్రోలో, ప్లగ్గుల నిప్పురవ్వో సరిగా అందకపోవడమే కారణం.

నా పాత బండికి ఇలాగే పికప్ పోతే, ఒక మెకానిక్ గేర్‌బాక్స్ పోయిందని తేల్చేశాడు. నమ్మబుద్ధికాక బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ నుంచి, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీకి వెళ్లే రబ్బరు గొట్టాన్ని వేళ్లతో వంచి చూశాను. హార్మోనియం తిత్తిలా మడతలు ఉంటాయి దానికి. అడుగు మడతలో గోరంత చీలిక! ఊరికే చూస్తే మూసుకునే ఉంది. కాలు నొక్కగానే ఇంజిన్ ఒక పక్కకి ఒరుగుతుంది కదా, అప్పుడు తెరుచుకునేది. గాలిని కొలిచే సెన్సర్ దానికి ముందుంది. చీలికలోంచి దూరే గాలి దాని లెక్కలోకి రాదు, ఆ గాలికి తగ్గ పెట్రోలు పడదు. గొట్టం మార్చగానే బండి మామూలైంది.

గొట్టం బాగుంటే ఫిల్టర్, ఆ తర్వాత థ్రాటిల్ బాడీ. దాని రేకు చుట్టూ నల్లగా మసి పేరుకుంటే శుభ్రం చేయించు. రేకుని వేలితో నెట్టనివ్వకు, వెనక మోటారు ఉంటుంది. పని అయ్యాక స్కానర్‌తో ఐడిల్ (కాలు తీసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) మళ్లీ సెట్ చేయాలేమో అడుగు, లేదంటే సిగ్నల్ దగ్గర ఆగిపోయి కొత్త తలనొప్పి తెస్తుంది. ప్లగ్గులు, కాయిల్స్, పెట్రోలు పంపు ప్రెజర్ చివర్లో.

సర్వీస్ వాళ్లని ఒక్కటే అడుగు: స్కాన్ చేశారా, ఏ కోడ్ వచ్చింది? పి0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. కోడ్ ఏదీ లేకపోయినా ఫ్యూయల్ ట్రిమ్, అంటే బండి కంప్యూటర్ పెట్రోలుని ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, ఎంతుందో చూడమను. ప్లస్ 10 శాతం దాటి అక్కడే నిలిచిపోతే గాలి లీకో, పెట్రోలు ప్రెజరో ముందు చూడాలి. ఇవేవీ చూడకుండా గేర్‌బాక్స్ అన్నవాడికి తాళం ఇవ్వకు.

అప్పటిదాకా యూటర్న్‌లో తొందరపడకు. ఎదురొచ్చే బండికి ఇదివరకటికి రెట్టింపు దూరం ఉంటేనే తిప్పు.

వీడియో నాకు పంపు. ముల్లూ స్పీడూ రెండూ కనపడాలి. పోయినసారి మీ ఆయన పంపిన దాంట్లో సగం ఆయన బొటనవేలే ఉంది.

మీ మావయ్య