ముసలి కుక్క, పెరట్లో ఉడతలు

ప్రశ్న: మా కుక్కకి 13 ఏళ్ళు. ఇదివరకు పెరట్లో ఉడత కనిపిస్తే చాలు చెట్టు దాకా తరిమేది, ఇప్పుడు లేవడానికే రెండు మూడు సార్లు ట్రై చేస్తోంది, నున్నటి గచ్చు మీద వెనక కాళ్ళు జారిపోతున్నాయి. వయసు కదా అని ఊరుకోవాలా? పిట్టలకి నీళ్ళు పెడదామనుకుంటున్నా, దీనికేమైనా ఇబ్బందా?

జవాబు: ఊరుకోవద్దండీ. మీరు చెప్పేదాన్ని బట్టి కీళ్ళనొప్పి అయ్యుండొచ్చు, కుక్కలు నొప్పి ఉన్నా చాలాసార్లు అరవవు, ఇలా లేవడంలోనూ మెట్ల దగ్గర ఆగిపోవడంలోనే బయటపడుతుంది, కాబట్టి ఒకసారి వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి, ఇక మీదట 6 నెలలకోసారి చెకప్ చేయించండి. అంతేగానీ మనం వాడే పెయిన్‌కిల్లర్లు మాత్రం సొంతంగా వేసేయకండి, ఐబుప్రొఫెన్ లాంటివి కడుపులో పుండ్లు చేసి కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. అది నడిచే దారిలో జారని మ్యాట్‌లు వేయండి, గోళ్ళు చూడండి, పెరిగిపోయి నేలకి టకటకా కొట్టుకుంటుంటే అవి కూడా జారుడికి కారణమే. కుక్క బరువు ఎక్కువుంటే, అది తగ్గితే కీళ్ళకి సగం హాయి.

పిట్టలకి నీళ్ళు నిక్షేపంగా పెట్టండి, లోతు తక్కువ పళ్ళెంలో, రోజూ మార్చి, కడిగి. కుక్క మాత్రం ఆ నీళ్ళు తాగకుండా కాస్త ఎత్తులో పెట్టండి. రాత్రిపూట కప్పల్ని నోట పట్టనివ్వకండి, కొన్నిటి చర్మంలో విషం ఉంటుంది.

తరమలేకపోయినా నీడలో పరుపేసి కూర్చోబెట్టండి, ఉడత వాసనకి ముక్కు ఎలా అదురుతుందో మీరే చూస్తారు.