అడవి బెండల కోసం తిరిగే బిడ్డకు

బిడ్డా,

హెర్బేరియం కోసం, అంటే మొక్కలను ఎండబెట్టి కాగితాలకు అతికించి దాచుకునేటందుకు, బెండ జాతి మొక్కలన్నీ ఏరుకొస్తనన్నవట, మీ అమ్మ చెప్పింది. మంచిదే. కానీ పుస్తకంల బొమ్మ చూసుకుంట మొక్కను దేవులాడకు, ముందు నేలను చూడు.

హన్మకొండ చుట్టుపక్కల ఎర్ర చెల్కల గట్ల మీద చిరుబెండ ఉంటది. ఆకును వేళ్ల నడుమ రుద్దు, మెత్తని నూగు తగుల్తది. పత్తి వేసే రేగడిల వేరే అడవి బెండ ఉంది. తెల్లగ పూసి, వాడేటప్పుడు గులాబీ రంగుకు తిరుగుతది. మనం వండుకునే బెండకు దగ్గరి చుట్టమే. తుత్తురుబెండకు ఏ పట్టింపూ లేదు. పెంటకుప్ప పక్కన, కూలిన గోడల్ల, రోడ్డు అంచున ఎక్కడైనా లేస్తది. యురేనా అని బెండ జాతిదే ఇంకో అడవి మొక్క, అది కావాలంటే పాకాల దిక్కు పో, కొంచెం నీడ, తేమ ఉన్న అడవి అంచులకు. దాన్ని వెతికే పని గూడ ఉండదు, కొక్కేల కాయలు నీ చున్నీ పట్టుకుని ఇంటిదాక వస్తయి.

ఎప్పుడు పోవాల్నంటవా? బతుకమ్మకు తంగేడు, గునుగు కోసేటోళ్ల వెంట పో. ఆ రోజుల్ల ఇవన్నీ పూత మీదుంటయి. చిరుబెండ పొద్దుగాల విచ్చుకుని ఎండ ముదిరితే ముడుచుకుంటది, తుత్తురుబెండ పొద్దు వాలితే గానీ విచ్చుకోదు. ఒక్క పూటల రెండూ తెస్తనంటే కుదరదు.

పువ్వు దొరకంగనే తిప్పి అడుగు చూడు. అందరూ రంగు చూసి మురిసి ఇది ఇడిచిపెడ్తరు. రక్షక పత్రాల కింద, అంటే పువ్వును అడుగున పట్టుకునుండే పచ్చని రేకుల కింద, ఇంకో వరుస సన్నని ఆకులుంటే అది బెండ, గోగు, యురేనా దిక్కు. ఆ వరుస లేకుంటే చిరుబెండ, తుత్తురుబెండ దిక్కు. అక్కడికక్కడే నోట్‌బుక్కుల రాసుకో, పువ్వు నలిగినంక ఏం తేలదు. నేల రంగు, నీడ ఎంత, పక్కన ఏం మొక్కలున్నయో గూడ రాయి. ఎండిన కొమ్మ ఇవేం చెప్పదు.

వీటిల బంక ఎక్కువ. పేపర్ల నడుమ నొక్కి ఆరబెట్టేటప్పుడు మొదట్ల ఆ పేపర్లు రోజూ మార్చకపోతే బూజు పడ్తది. పువ్వు మీద వేరే చిన్న కాగితం పెట్టి నొక్కు, లేకుంటే పేపరుకే అతుక్కుంటది.

ఇంకోటి జర యాది పెట్టుకో. తుత్తురుబెండ కొమ్మ మీద తెల్ల పిండి లెక్క కనబడితే అది పిండినల్లి పురుగు, పత్తిని గూడ పడ్తది. అసొంటి కొమ్మను తెంపొద్దు. తెంపినవో, అక్కడనే కవర్ల వేసి మూతి కట్టు. ఎవరి పత్తి చేన్లకెల్లి దాన్ని ఊపుకుంట నడవకు, ఆ రైతు నీ మీద కోపం చేస్తే తప్పు నీదే.

మీ పెదనాయిన